నీళ్లందని ఫిర్యాదు

ఆ పేజీ తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోయింది.

ఆరా గ్లాసు కింద పెట్టి, తెర మీద గుండ్రంగా తిరుగుతున్న సున్నా వంక మింగేసేలా చూసింది. సున్నా మాత్రం తిరుగుతూనే ఉంది. స్టోర్‌రూమ్ అరలో, పాడైపోయిన మిక్సీకీ చక్రం ఊడిన సూట్‌కేసుకీ మధ్య ఇరుక్కుని, ఆ పాత కంప్యూటర్ జలుబు చేసిన మనిషిలా ఊపిరి తీస్తోంది. దాని నెత్తిన ముతక తువ్వాలు ఒకటి కప్పి ఉంది.

"తువ్వాలు తీయకమ్మా, దుమ్ము పడుతుంది," అంది గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ.

"తీయకపోతే వేడెక్కి చస్తుంది పెద్దమ్మా."

"ఇన్నేళ్లుగా చావంది ఇవాళే చస్తుందా?"

ఈలోగా తెర మీద పేజీ తెరుచుకుంది. 'మీ సమయం ముగిసింది, మళ్లీ లోపలికి రండి' అని రాసి ఉంది. ఇది నాలుగోసారి.

ఆరా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పోలీసు శాఖలో ఉన్నప్పుడు ప్రతిదీ ఆరా తీస్తుందని వెటకారంగా పెట్టిన పేరు అది. పైవాళ్లతో పడక బయటికొచ్చి సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టాక, ఆ వెటకారమే బోర్డు మీదికెక్కింది. పొద్దున్నే ఆ బోర్డు వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఈ పెద్దావిడ. వస్తూనే కుర్చీలో కూలబడి, "సాయంత్రానికి మా కోడల్ని పట్టుకుపోతారటమ్మా. ఎలాగైనా ఆపాలి," అంది. కోడలి కోసం పరిగెత్తుకొచ్చిన అత్తగారిని ఆరా ఇన్నేళ్ల వృత్తిలో మొదటిసారి చూసింది. ఫీజు సంగతి కూడా అడక్కుండా చెప్పులేసుకుంది.

విషయం ఇదీ. పది రోజుల కింద ఒక అపార్టుమెంటులో లిఫ్టు రాకుండానే లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టు ఉందనుకుని అడుగుపెట్టిన వాచ్‌మన్ మూడంతస్తుల గోతిలో పడ్డాడు. ఇంకా స్పృహ రాలేదు. ఆ తలుపును నడిపే ప్రోగ్రాం ఏ కంపెనీ సొత్తూ కాదు. రకరకాల ఊళ్ల వాళ్లు తీరిక వేళల్లో ఉచితంగా రాసి, ఎవరైనా వాడుకోండి అని బయట పెట్టింది. లిఫ్టు కంపెనీ వాడుకుంది. ఆ ప్రోగ్రాంలో లోపం కనబడితే ఎవరైనా వెళ్లి రాసిపెట్టడానికి ఒక ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. వాళ్ల భాషలో బగ్ ట్రాకర్. ఆ పెట్టె పోయిన నెల దాకా నడిచిన కంప్యూటరే ఇప్పుడు తువ్వాలు కప్పుకుని మూలుగుతున్నది.

ప్రమాదం వార్త చూసి ఒక లిఫ్టు మెకానిక్కు నేరుగా స్టేషన్‌కి వెళ్లాడు. "తలుపు ముందే తెరుచుకుంటోందని నేను ఆరు నెలల కిందే రాశాను. నా ఫిర్యాదు నంబరు మూడువేల ఎనిమిది వందల పదిహేడు," అన్నాడు. పోలీసులు వెతికితే పదహారు ఉంది, పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు. పోయిన నెలలోనే పాత పెట్టె మార్చి కొత్త పెట్టె పెట్టారు. ఫిర్యాదులన్నీ ఒక్క చేత్తో అందులోకి మోసింది ఈ ఇంటి కోడలు. ఒక ఫిర్యాదు దారిలో మాయమైంది కాబట్టి మాయం చేసింది ఆమే అని తేల్చారు.

ఆరా లేచి హాల్లోకి వచ్చింది.

కోడలు నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సాయంత్రం అరెస్టు కాబోయే మనిషిలా లేదు. సాయంత్రంలోపు ఈ గుట్ట అవ్వాలన్న పట్టుదల ఒక్కటే కనబడుతోంది.

"ఎంత కాలం పట్టింది తల్లీ, ఆ కొత్త పెట్టె చేయడానికి?"

"ఆరు నెలల శని ఆదివారాలు."

"ఎవరైనా సాయం చేశారా?"

కోడలు మొదటిసారి తలెత్తింది. "సాయమా? పాతది నత్తలా నడుస్తోందని పదేళ్లు తిట్టారు. మార్చండని అందరూ అన్నారు, ఒక్కరూ చేయి కలపలేదు. సరే అని నేను మారిస్తే, రంగు బాగాలేదని నూట నలభై మంది రాశారండీ. పాత రాతలన్నిటి కిందా ఒకటే తేదీ పడిందని ఇంకో అరవై మంది."

"ఒకటే తేదీయా?"

"మోసేటప్పుడు అసలు తేదీలు రాలేదు. అన్నిటికీ మోసిన రోజే పడింది. సరిచేద్దామనుకునేలోపే ఇదీ." ఆమె చొక్కా ఒకటి విదిలించి మడిచింది. "ఊరికే చాకిరీ చేసినందుకు బేడీలు. బాగుంది కదా?"

"పదిహేడో నంబరు ఏమైంది?"

"తెలీదు."

"పాత కంప్యూటర్లో వెతికావా?"

"వెతికాను. లేదు."

అంతవరకూ ధారగా మాట్లాడిన మనిషి రెండు మాటల్లో ముగించేసింది. ఆరా అది గమనించి, మనసులో ఓ పక్కన పెట్టుకుంది.

వంటింట్లోంచి కోడలి భర్త ట్రేతో వచ్చాడు. నలగని చొక్కా, నవ్వు ముఖం. "ఆంటీ, మీ కాఫీ చల్లారిపోయుంటుంది. ఇంకోటి తెచ్చాను."

"నువ్వు కూడా ఈ ప్రాజెక్టులో ఉన్నావా బాబూ?"

"అబ్బే, అది ఆవిడ సామ్రాజ్యం. నాకు దానికి తాళం కూడా తెలీదు," అని నవ్వి, భార్య పక్కన ఉన్న గుట్టలోంచి తన చొక్కాలు అందుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

"బంగారం లాంటి పిల్లాడు," అంది పెద్దావిడ మురిసిపోతూ. "మూడు నెలల కిందే కొత్త ఉద్యోగం వచ్చింది. జీతం రెట్టింపు. ఇంటికి కారొచ్చి తీసుకెళ్తుంది."

అప్పుడే ఆరా ఫోన్ మోగింది. ఇంటి నుంచి ఆమె భర్త.

"నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్?"

"నెత్తి మీద చూసుకోండి."

అవతల తడుముకుంటున్న చప్పుడు. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆరా తిరిగి స్టోర్‌రూమ్‌కి వెళ్లి ఆ ప్రాజెక్టు మొదలుపెట్టిన పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన ఎక్కడో దూరాన ఉంటాడు. అడిగిన దానికి తప్ప అన్నిటికీ సమాధానం చెబుతాడని ఆమెకి మూడు నిమిషాల్లో అర్థమైంది.

"అయ్యా, చరిత్ర తర్వాత. దీంట్లో ఒక ఫిర్యాదు వెతకాలంటే ఎలా?"

"వెతుకుడు గడి ఉంటుందమ్మా. కానీ అది పనిచేయదు."

"మరెందుకు పెట్టారు?"

"అప్పట్లో పనిచేసేది. ఇప్పుడు తెరిచి ఉన్న ఫిర్యాదులే చూపిస్తుంది, మూసేసినవి చూపించదు. పైన అడ్రసు రాసే గీతలో నేరుగా నంబరు కొట్టండి, మూసేసినదైనా వస్తుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసే?"

ఆరా చేయి ఒక్క క్షణం ఆగింది. అంత బాగా తెలిసిన పిల్ల 'లేదు' అని ఎందుకంది?

"ఇంకో మాట," అన్నాడు పెద్దాయన. "ఆ డబ్బాని మాత్రం ఆపకండి. డిస్కు అరిగిపోయింది. తిరుగుతున్నంతసేపే తిరుగుతుంది. ఆగితే మళ్లీ లేవదు. బ్యాటరీ కొందామని చందా అడిగితే ఒక్కడూ పలకలేదు. కాపీ కూడా ఏడాది కిందటిదే ఉంది."

ఆ మాట పూర్తయ్యేలోపే బయట బూట్ల చప్పుడైంది.

"వదినా! మీరు ఇక్కడ కూడా తయారా?"

ఇన్‌స్పెక్టర్. ఆరాకి సొంత మరిది. వెనక కానిస్టేబుల్, అతని చేతిలో పెద్ద అట్టపెట్టె.

"సాయంత్రం అన్నారుగా మరిదిగారూ? మధ్యాహ్నం కూడా కాలేదు."

"లిఫ్టు కంపెనీ వాళ్లు పొద్దున్న స్టేషన్ తెరవకముందే వచ్చి కూర్చుంటున్నారు. మెడలో నీలం పట్టీలేసుకుని వరసగా, బడిపిల్లల్లా. ఫిర్యాదు ఉందని మాకెవరూ చెప్పలేదు, దాచేశారు అంటున్నారు. నా ప్రాణం తీస్తున్నారు. ఆ డబ్బా ఇలా ఇవ్వండి, తీసుకుపోవాలి."

"ఆపితే ఇది మళ్లీ లేవదు."

"సాక్ష్యం తీసుకెళ్లనివ్వకుండా ఎవరు ఆపినా నేను ఏం రాయాలో మీకు తెలుసు."

"సాక్ష్యాన్ని చంపి అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్తే ఏం రాస్తావో అది కూడా నాకు తెలుసు. పోయిన కేసులో తడిసిన ఫోన్‌ని ఎండలో పెట్టిందెవరు?"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక అట్టపెట్టెలో ముఖం దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. "అన్నయ్య మిమ్మల్ని ఎలా భరిస్తున్నాడో!"

"కళ్లజోడు వెతుక్కుంటూ. పది నిమిషాలు ఆగు. నీ కేసు నీ కళ్లముందే చూపిస్తాను."

ఆమె నంబరు కొట్టింది. సున్నా తిరిగింది. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. సున్నా తిరిగింది. పెద్దావిడ గుమ్మంలో కాలు మార్చి నిలబడింది. సున్నా తిరిగి తిరిగి, చివరికి పేజీ తెరుచుకుంది.

'3817. లిఫ్టు రాకముందే తలుపు తెరుచుకుంటోంది. మనుషులు పడిపోతారు. దయచేసి చూడండి.' కింద మెకానిక్కు పేరు. ఆ కింద బూడిద రంగులో ఒకటే ముక్క: 'తొంభై రోజులుగా ఎవరూ రాయనందున దానంతటదే మూసుకుంది.'

"ఇదిగో," అంది ఆరా. "ఎవరూ మాయం చేయలేదు. ఇక్కడే ఉంది."

ఇన్‌స్పెక్టర్ వంగి రెండుసార్లు చదివాడు. "దానంతటదే మూసుకోవడం ఏమిటి?"

జవాబు ఫోన్ స్పీకర్లోంచి వచ్చింది. పెద్దాయన ఇంకా లైన్లోనే ఉన్నాడు. "ఆ పాతదాని దరిద్రం అదేనండీ. తొంభై రోజులు ఎవరూ పలకరించకపోతే, సమస్య తీరిందనుకుని మూసేస్తుంది. ఆ పద్ధతి తీసేయడం మాకెవరికీ చేతకాలేదు. అందుకని వంతులేసుకున్నాం. ప్రతి తొంభై రోజుల్లోపూ వంతు వచ్చిన మనిషి తెరిచి ఉన్న ప్రతి ఫిర్యాదులోకీ వెళ్లి 'ఇంకా ఉంది' అని రాసి రావాలి. మొక్కలకి నీళ్లు పోసినట్టన్నమాట. మేం నీళ్లు పోయడమనే అంటాం. నీళ్లందని ఫిర్యాదు ఎండిపోతుంది. కొత్తదాంట్లోకి తెరిచి ఉన్నవే ఆ అమ్మాయి మోసింది కాబట్టి ఎండిపోయినవి ఇక్కడే ఉండిపోయాయి."

"అయితే దీనికి నీళ్లు పోయాల్సిన వంతు ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అవతల పెద్దాయన కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"మూడు నెలల కిందటి వంతు... ఆ అమ్మాయిదేనండీ."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా అయ్యాడు. "థాంక్స్ వదినా. మాయం చేసిందనుకున్నాను. కాదు, తెలిసి తెలిసి చావనిచ్చింది. ఇది ఇంకా గట్టిది." అని ఫోన్ తీసి, మహిళా కానిస్టేబుల్ని పంపమని చెప్పడానికి బాల్కనీలోకి నడిచాడు. అట్టపెట్టె మనిషి వెనకే వెళ్లాడు.

ఆరాకి ఒళ్లు మండింది. కాపాడమని పిలిస్తే ఉరితాడు తనే పేని ఇచ్చినట్టయింది. పెద్దాయన ఫోన్ కట్ చేసి, ఇంకేం తోచక పదహారో నంబరు కొట్టింది. దానికి మూడు నెలల కింద నీళ్లు పోశారు: కోడలి పేరుతో 'ఇంకా ఉంది'. పద్దెనిమిదికి కూడా పోశారు. పందొమ్మిదికీ, ఇరవైకీ కూడా. అన్నిటికీ ఒకే పొద్దున, నిమిషం తేడాలో, వరసగా. మధ్యలో ఒక్క పదిహేడునే దాటేశారు.

మర్చిపోతే మొత్తం వంతే మర్చిపోతారు. బద్ధకిస్తే సగంలో ఆపేస్తారు. ఇది మరుపు కాదు. తోటంతా తడిపి ఒక్క మొక్కని చూసి చూసి వదిలేయడం.

ఆమె ఆ తేదీ పైకి చదివింది.

"ఆ రోజు ఎలా రాస్తుందమ్మా?" అంది గుమ్మంలోంచి పెద్దావిడ. "ఆ రోజు కోడలికి ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్లు. తెల్లారకముందే థియేటర్లోకి తీసుకెళ్లారు. మధ్యాహ్నం దాకా నేను బయట బల్ల మీదే ఉన్నాను, ఫ్లాస్కు పట్టుకుని."

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే. వాడికి కొత్త ఉద్యోగం కదా, ఇంటి దగ్గరే ఏదో అర్జెంటు పని ఉందన్నాడు."

ఆరా తెర మీది తేదీని ఇంకోసారి చూసుకుంది.

"పెద్దమ్మా, మీ కోడలి పేరుతో ఇందులోకి వెళ్లడానికి తాళం, అదే పాస్‌వర్డు, ఇంకెవరికైనా తెలుసా?"

"తాళమా? మావాడికి తెలీకపోవడమేంటి! అసలు వాళ్లిద్దరికీ పరిచయమే ఆ డబ్బాలో అయింది. వాడేదో తప్పుందని రాశాడట, ఈ పిల్ల దిద్దిందట. మళ్లీ రాశాడట, మళ్లీ దిద్దిందట. అలా ఏడాది దిద్దించుకుని పెళ్లి చేసుకున్నాడు. ఈ పాతదాంట్లో తాళం మార్చడానికే కుదరదని, ఇప్పటికీ పెళ్లికి ముందుదే వాడుతున్నామని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు..."

చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది.

నాకు తాళం కూడా తెలీదు, అన్నాడా బంగారం లాంటి పిల్లాడు.

"అబ్బాయిది ఏ కంపెనీ?" అంది ఆరా, వీలైనంత మామూలుగా.

"నోరు తిరిగే పేరు కాదమ్మా. పొద్దున్నే మెడలో నీలం పట్టీ వేసుకుని..."

పెద్దావిడ ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ లిఫ్టు కంపెనీ వాళ్ల నీలం పట్టీల గురించి అన్న మాట ఆమె కూడా వింది. గుమ్మంలోనే ఉంది కదా.

ఆరా వెనక్కి తిరిగింది. పెద్దావిడ వెనకాల, హాల్లో, కోడలు మడిచిన బట్టల ముందు నిలబడి ఉంది. ఏడవడం లేదు. భయపడడం కూడా లేదు. తను ఎప్పుడో చూసేసిన దాన్ని ఇంకొకరు చూస్తుంటే కలిగే అలసట మాత్రం ఉంది ఆ ముఖంలో.

"నీకు ముందే తెలుసు," అంది ఆరా.

"ప్రమాదం జరిగిన రోజు చూశాను," అంది కోడలు మెల్లగా. "అడిగాను. ఆ ఒక్కటీ కనబడకుండా చేస్తేనే ఉద్యోగం అన్నారట. తలుపులన్నీ వెనక్కి పిలిపించి బాగుచేయాలంటే కంపెనీ మునుగుతుందట. ఎవరూ పడరనుకున్నాను అన్నాడు."

"మరి చెప్పవేం? సంకెళ్లు వేసేదాకా బట్టలు మడతపెడుతూ కూర్చుంటావా?"

"ఏమని చెప్పమంటారు? ఎవరితో?" కోడలి కళ్లు అత్తగారి వైపు వెళ్లి వెనక్కి వచ్చాయి. "ఆపరేషన్ అయిన వారం నాకు తల దువ్వింది కూడా ఈవిడేనండీ."

ఆరా తెర వైపు తిరిగింది. ముందు ఫొటో తీయాలి. తేదీ, టైము, పదహారు, పద్దెనిమిది, అన్నీ. కొత్త పెట్టెలో తేదీలన్నీ చెరిగిపోయాయి. అసలు తేదీలున్నది ఈ ఒక్క తెర మీదే. ఫోన్ తెర వైపు ఎత్తింది.

ఫోన్ మోగింది. ఇంటి నుంచి.

"నెత్తి మీద కూడా లేదు!"

"పెట్టేయండి!" అని అరిచి, కట్ చేసి, కెమెరా నొక్కి, మళ్లీ ఎత్తేసరికి ఫోన్‌లో నల్లటి పలక కనబడింది.

కంప్యూటర్ తెర ఆరిపోయింది.

దాని ఫ్యాను ఒక్కసారి దగ్గినట్టు శబ్దం చేసి, నెమ్మదించి, ఆగింది. లోపల ఏదో చిన్నగా టక్కుమంది. గదిలో లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

స్టోర్‌రూమ్ ప్లగ్గు స్విచ్చి లోపల లేదు. బయట వంటింటి గోడ మీద ఉంది. దాని మీద అతికించిన అట్టముక్కని ఆరా వచ్చేటప్పుడే చూసింది. పెద్ద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని ఉంది. ఎవరు రాశారంటే, పనిమనిషి చేయి పడకుండా నేనే రాసి పెట్టానమ్మా, అని పెద్దావిడ గొప్పగా చెప్పింది.

గుమ్మం ఖాళీగా ఉంది.

ఆరా రెండంగల్లో వంటింట్లోకి వెళ్లింది. పెద్దావిడ గోడ వైపు తిరిగి ఉంది. అట్టముక్క పైకి లేచి ఉంది. చేయి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"పెద్దమ్మా," అంది ఆరా. "మీ కోడల్ని కాపాడమని మీరే కదా నా గడప తొక్కారు?"

"తొక్కాను," అంది పెద్దావిడ వెనక్కి తిరగకుండా. "నా కొడుకుని పట్టివ్వమని చెప్పలేదుగా అమ్మా."

గదిలోంచి కొడుకు బయటికి వచ్చాడు. ఎవరి ముఖంలోకీ చూడలేదు. కోడలు మాత్రం అతని వైపు కాక అత్తగారి వీపు వైపే చూస్తూ నిలబడింది.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఫోన్ జేబులో వేసుకుంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. అతను చూసింది ఒకే ఒక్క పేజీ. విన్నది ఒకే ఒక్క మాట: వంతు ఆ అమ్మాయిదే.

"మా వాళ్లు బయల్దేరారు," అన్నాడు. "అమ్మాయ్, చెప్పులేసుకో."